పెద్ద ఫైళ్లను కాపీ చేసే ముందు జాగ్రత్తలు

అనంతపురంలోని మా సర్వే కార్యాలయంలో డ్రోన్ చిత్రాలను కూర్చిన ఒక్కో ఫైలు వంద జీబీ దాటుతుంది కనుక, లినక్స్ వర్క్‌స్టేషన్‌పై పని మొదలుపెట్టే ముందు కొత్తగా చేరినవారు ఈ విషయాలను తప్పక చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు, ఫైలు చేరవలసిన డిస్కు ఏ ఫైల్ సిస్టమ్‌తో (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతితో) ఫార్మాట్ అయిందో గమనించండి. ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్ ఫైలు పరిమాణాన్ని 32 బిట్లలోనే నమోదు చేస్తుంది కనుక, డిస్కులో ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ ఫైలు అందులో పట్టదు. ఆ డిస్కును విండోస్‌లోనూ వాడవలసి ఉంటే ఎక్స్‌ఫ్యాట్, లినక్స్‌కే పరిమితమైతే ఎక్స్‌ట్4 లేదా ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఎంచుకోవడం మేలు. పాత 32 బిట్ ప్రోగ్రాములు కొన్ని 2 జీబీ దగ్గరే ఆగిపోతాయి కాబట్టి, ఫైలును తెరవబోయే ప్రోగ్రామును కూడా ముందుగా పరీక్షించాలి.

డీఎఫ్ కమాండుతో ఖాళీ స్థలం చూసేటప్పుడు తాత్కాలిక ఫైళ్లు చేరే విభాగాన్ని మరువకండి.

వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యూపీఎస్ ఛార్జింగ్ చూసుకుని, మధ్యలో ఆగినా అక్కడి నుంచే కొనసాగించేలా ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ కమాండును అపెండ్-వెరిఫై ఆప్షన్‌తో నడపండి. రైతుల పొలాల హద్దులు ఆ చిత్రాల్లోనే ఉన్నాయి కనుక, రెండు ప్రతుల ఎస్‌హెచ్‌ఏ256 విలువలు (ఫైలులోని సమాచారం నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్యలు) సరిపోలేవరకు అసలు ఫైలును దయచేసి తొలగించవద్దు.