ఆగస్టులో ట్రౌట్ కోసం నదిలో దిగుతున్నారా? ముందు నీళ్ల వేడి చూడండి

ఆగస్టు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, లాంగ్ వీకెండ్‌కి యెల్లోస్టోన్ వస్తున్నాం. ఒక పూట మాడిసన్ నదిలో ట్రౌట్ పట్టాలని ఉంది. ఏ ఫ్లై కొనమంటావు?" అని అడుగుతారు. ట్రౌట్ అంటే చల్లటి నీళ్లలో బతికే చేప, ఫ్లై అంటే పురుగులా కనిపించేలా కొక్కేనికి కట్టిన ఎర. ఫ్లై సంగతి తర్వాత తమ్ముడూ, థర్మామీటర్ ఉందా అంటాను. అవతల కాసేపు మాట ఉండదు. చేపలు పట్టడానికి థర్మామీటర్ దేనికి అన్నది ఆ మౌనంలోనే వినపడుతుంది.

అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్ ఊరి దగ్గర ఉంటూ పదకొండేళ్లుగా ఈ నదుల్లో దిగుతున్నాను. మే, జూన్ నెలల్లో కొండల మీద మంచు కరిగి నది బురదరంగులో పొంగుతుంటే చూసినవాళ్లెవరికైనా భయం వేస్తుంది, దూరంగానే ఉంటారు. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య దాకా అలా కాదు. నది సన్నబడుతుంది, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉంటుంది, పిల్లలు కూడా దాటేయొచ్చు అనిపిస్తుంది. ట్రౌట్‌కి కష్టకాలం అదే. మనం ఏమరుపాటుగా ఉండేది కూడా అప్పుడే.

మాది భీమవరం పక్కన ఊరు. చిన్నప్పుడు తెల్లవారుజామున నాన్నతో చేపల చెరువు గట్టు మీదికి వెళ్లేవాణ్ని. ఒక్కోరోజు బొచ్చెలు, శీలావతులు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తూ కనిపించేవి. అది చూడగానే నాన్న ముఖం మారిపోయేది, ఇంజిన్ వేసి నీళ్లు చిమ్మించడానికి పరుగెత్తేవాడు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడేసుకుంటుంది కాబట్టి చెరువులో గండం తెల్లవారుజామున వస్తుంది. ఈ కొండ నదుల్లో ట్రౌట్‌కి గండం సాయంత్రం పూట. రోజంతా ఎండకు కాగిన నీళ్లు మూడు నుంచి ఆరు గంటల మధ్య బాగా వేడెక్కుతాయి. వేడెక్కేకొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాములు కరిగి ఉండగలిగితే, 20 డిగ్రీల దగ్గర 9 మాత్రమే. ఇది సముద్రమట్టం లెక్క. ఇక్కడ ఎత్తు ఎక్కువ, కాబట్టి ఇంకా తక్కువే. పైగా నీళ్లు వేడెక్కితే చేప ఒంటికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. మన కొర్రమీను గాలి పీల్చుకుని నెట్టుకొస్తుంది, అందుకే మార్కెట్లో తడి గోనె కింద కూడా గంటల తరబడి కదులుతూ ఉంటుంది. ట్రౌట్ అలా బతకలేదు, దానికి మొప్పలే దిక్కు.

ఇది నాకు తెలిసి కూడా ఒకసారి తప్పు చేశాను. నాలుగేళ్ల కిందట ఆగస్టులో ఒక మధ్యాహ్నం, టైమ్ మూడున్నర. మిడతలా కట్టిన ఫ్లైని ఒడ్డు గడ్డి పక్కనే వేస్తే మంచి బ్రౌన్ ట్రౌట్ పడింది. పదహారు అంగుళాలు ఉంటుంది. సన్నటి దారం కావడంతో తెగుతుందేమోనని నెమ్మదిగా, చాలాసేపు ఆడించాను. ఫొటో తీసుకుని వదిలాను, ఈదుకుంటూ పోయింది. పది నిమిషాల తర్వాత కిందికి నడుస్తుంటే ఒక బండ వెనకాల అదే చేప పక్కకు ఒరిగి కనిపించింది. పసుప్పచ్చ పొట్ట పైకి తిరిగి ఉంది. నేను చూస్తుండగా మొప్పలు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. అప్పుడు నీళ్లలో థర్మామీటర్ పెడితే 71 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంది. ఆ రోజు అక్కడ చేపలు పట్టకూడదన్న నిషేధమేమీ లేదు. అయినా ఆ చేపను చంపింది నేనే.

అప్పటినుంచి నా లెక్క ఇది. 65 డిగ్రీలు దాటితే నా కన్ను గడియారం మీదే ఉంటుంది. 68కి, అంటే 20 సెల్సియస్‌కి, చేరితే లైన్ చుట్టేస్తాను. "వదిలేస్తాం కదా, ఏమవుతుంది?" అని చాలామంది అంటారు. వేడి నీళ్లలో అలసిపోయిన ట్రౌట్ మన చేతిలోంచి ఈదుకుపోయినా తేరుకోలేక తర్వాత చచ్చిపోతుంది. అది మన కంటపడదు, అంతే తేడా. థర్మామీటర్‌ని దారానికి కట్టి, ఒడ్డున నిలిచిన నీళ్లలో కాకుండా పారే నీళ్లలో, నీడపట్టున, మోచెయ్యి లోతున రెండు నిమిషాలు ఉంచండి. పొద్దున ఒకసారి చూసి వదిలేయకండి, పదకొండు దాటాక గంటకోసారి చూడండి. పాతిక డాలర్లు కూడా కాని వస్తువు అది.

మోంటానా ఫిష్, వైల్డ్‌లైఫ్ అండ్ పార్క్స్ శాఖవాళ్లు నీళ్లు బాగా వేడెక్కిన నదుల మీద 'హూట్ ఔల్' నిషేధం పెడతారు. మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా అక్కడ చేపలు పట్టకూడదు. ఎండిన అడవుల్లో నిప్పురవ్వకు భయపడి కలప కొట్టే కూలీలు గుడ్లగూబలు ఇంకా కూస్తుండగానే పనిలోకి దిగి, ఎండ ముదరకముందే ఆపేసేవారట, పేరు అలా వచ్చింది. ఏ నది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది వారం వారం మారుతుంది. బయల్దేరే ముందు రాత్రి ఒకసారి, పొద్దున ఇంకోసారి ఆ శాఖ సైట్ చూసుకోండి. యెల్లోస్టోన్ పార్కు లోపలి ఫైర్‌హోల్ నదిలో గీజర్ల, అంటే భూమిలోంచి ఎగజిమ్మే ఊటల, వేడినీళ్లు కలుస్తాయి. నడి వేసవిలో దాని జోలికి పోకండి. సెప్టెంబరులో రాత్రులు చల్లబడ్డాక అదే నది మళ్లీ బాగుంటుంది.

ఈ నిషేధాలు ఎందుకు అనేవాళ్లకు 2016 గుర్తు చేస్తుంటాను. ఆ ఏడాది ఆగస్టు 19న యెల్లోస్టోన్ నదిని 183 మైళ్ల మేర, ఉపనదులతో సహా మూసేశారు. చేపలు పట్టడమే కాదు, పడవలు, ట్యూబులు, ఈత అన్నీ ఆపేశారు. ఒక పరాన్నజీవి వల్ల వచ్చే కిడ్నీ జబ్బుతో వైట్‌ఫిష్‌లు వేలకొద్దీ చచ్చాయి. నీళ్లు తక్కువగా, వేడిగా ఉండటం ఆ జబ్బుకి కలిసొచ్చింది.

చేప పడ్డాక మీ చేతుల్లో ఉండే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. తేట నీళ్లలో చేపకు దారం కనపడుతుందని 6ఎక్స్, 7ఎక్స్ లాంటి సన్నవి కడుతుంటారు (అంకె పెరిగేకొద్దీ దారం సన్నం). పెద్ద మిడత ఫ్లైకి 4ఎక్స్ చాలు, చిన్నవాటికి 5ఎక్స్. దారం గట్టిగా ఉంటే చేపను త్వరగా ఒడ్డుకు తేగలం, దానికి అలసట తగ్గుతుంది. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును ప్లయర్స్‌తో నొక్కేయండి. చెయ్యి తడిపాకే చేపను తాకండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడొస్తుంది, జబ్బులు దరిచేరకుండా కాపాడేది ఆ జిగురే. వల రబ్బరుదై ఉండాలి. ఇక ఫొటో. ముందు కెమెరా రెడీ చేసుకోండి, అంతవరకు చేప వలలో నీళ్ల కిందే ఉండాలి. లేపడం, క్లిక్, దించడం. మీరు ఊపిరి బిగపట్టి చేపను లేపండి, మీకు ఊపిరాడక ముందే దించేయండి. వదిలేటప్పుడు తల ఎదురునీటికి పెట్టి ఊరికే ఆనించి పట్టుకుంటే, బలం వచ్చాక అదే తోక కొట్టి పోతుంది. మొదటి తోక దెబ్బ నా మణికట్టుకు తగిలినప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు మన సంగతి. మాడిసన్ అడుగున రాళ్లు బౌలింగ్ బంతుల్లా గుండ్రంగా ఉంటాయి. ఆగస్టుకల్లా వాటి మీద పాచి దట్టంగా పడుతుంది. మోకాలి లోతే కదా అని ధీమాగా నడిస్తే అక్కడే జారతారు. చేతికర్ర తీసుకెళ్లండి, ఒక కాలు కుదురుకున్నాకే రెండోది ఎత్తండి. వేడర్స్, అంటే ఛాతీ దాకా వచ్చే నీరు చొరని ప్యాంటు, వేసుకుంటే నడుం బెల్ట్ బిగించి తీరాలి, లేకపోతే పడినప్పుడు లోపలికి నీళ్లు చేరతాయి. జోరు నీటిలో పడిపోతే లేచి నిలబడాలని మాత్రం చూడకండి. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే వెనకనుంచి నీళ్ల తోపుడికి మనిషి ముందుకు బోర్లా పడతాడు, ఇక తల ఎత్తడం ఎవరి తరమూ కాదు. వెల్లకిలా తిరిగి, పాదాలు పైకి తేల్చి, కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టి, చేతులతో ఒడ్డుకు చేరండి. రాడ్ (గాలం కర్ర) పోతే పోనివ్వండి. డ్యామ్ కింద నదుల్లో గేట్లు ఎత్తితే ఎండ కాస్తుండగానే నీళ్లు పెరుగుతాయి. ఒడ్డున ఒక రాయిని గుర్తు పెట్టుకుని అప్పుడప్పుడూ దానివైపు చూస్తూ ఉండండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చేది ఎక్కువగా వేసవిలోనే కాబట్టి ఇంకో మాట. గోదావరి రేవులో మెట్లు దిగి కాళ్లు తడుపుకున్న అలవాటు వాళ్లది. ఇక్కడ మెట్లు ఉండవు, ఒడ్డు దిగిన మొదటి అడుగే జారుతుంది. చెప్పులతో నీళ్ల దగ్గరికి పోనివ్వకండి. నీడలో కుర్చీ వేయండి, ఒకరు పక్కనే ఉండండి. ఎత్తు ప్రాంతం కదా, చెమట పట్టినట్టు తెలియదు, అయినా ఎండ ఒంట్లో నీరు లాగేస్తుంది.

మధ్యాహ్నాలు కొండల మీద మబ్బు పట్టడం ఇక్కడ మామూలే. మన చేతిలో ఉండేది తొమ్మిది అడుగుల గ్రాఫైట్ రాడ్, అందులోంచి కరెంటు పారుతుంది. మొదటి ఉరుముకే రాడ్ కింద పెట్టి కారెక్కేయండి, చెట్టు కింద నిలబడొద్దు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే దిగండి. ఎండ ఉన్నా లేకపోయినా కళ్లజోడు తీయకండి, గాలికి తిరిగొచ్చే కొక్కెం నేరుగా కంటికే తగలొచ్చు.

ఎలుగుబంట్లు ఈ నెలల్లో చలికాలం నిద్రకు ముందు తిండి కోసం పగలూ రాత్రీ తిరుగుతాయి. నది ఒడ్డున విల్లో పొదలు ఎదురుగా ఏముందో కనపడనివ్వవు, నీటి హోరులో మన అలికిడి వాటికి వినపడదు. ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుతూ నడవండి. తెలుగైనా ఫర్వాలేదు, మనిషి గొంతు వినపడాలి. బేర్ స్ప్రే, అంటే ఎలుగును ఆపే కారం స్ప్రే, బ్యాగులో కాదు, నడుముకు ఉండాలి. విమానంలో తీసుకురానివ్వరు, ఇక్కడికొచ్చాకే కొనుక్కోవాలి. దోమల మందులా బట్టల మీద కొట్టుకునేది కాదు అది. మీదికి వచ్చే ఎలుగు ముఖానికి ఎదురుగా, ముప్పై అడుగుల దూరంలో ఉండగా కొట్టాలి. కొన్న రోజే సేఫ్టీ క్లిప్ తీయడం, పెట్టడం పదిసార్లు ప్రాక్టీస్ చేయండి. బిర్యానీ, చికెన్ ఫ్రై డబ్బాలు ఒడ్డున పెట్టి నదిలో దిగొద్దు, కారులో పెట్టి లాక్ చేయండి.

సెప్టెంబరులో పొద్దున గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది, మధ్యాహ్నం చొక్కా తడిసేంత ఎండ, ఒక్కోరోజు సాయంత్రానికి మంచు కురుస్తుంది కూడా. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, ఒంటి వేడి లాగేస్తాయి. ఉన్నిగానీ సింథటిక్‌గానీ వేసుకోండి, కారులో ఇంకో జత ఉంచండి. అడవి మంటల పొగ కమ్మిన రోజు ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండటం మంచిది.

లైసెన్సు విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఒక్కచోట: మోంటానా లైసెన్సు యెల్లోస్టోన్ పార్కు లోపల చెల్లదు, అక్కడ పర్మిట్ వేరే. అడుగున ఫెల్ట్ (మందపాటి ఉన్నిగుడ్డ లాంటిది) అతికించిన బూట్లను కూడా పార్కులోకి అనుమతించరు.

అక్టోబరు దగ్గరపడితే నీళ్లు చల్లబడతాయి, థర్మామీటర్ టెన్షన్ తగ్గుతుంది. అప్పుడు కళ్లు నది అడుగున పెట్టాలి. బ్రౌన్ ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం అది. ఆడచేప పక్కకు ఒరిగి తోకతో గులకను ఊడ్చి గుంట చేస్తుంది. చుట్టూ పాచి పట్టి నల్లగా ఉంటే ఆ చోటు మాత్రం కడిగిన బియ్యంలా తెల్లగా మెరుస్తుంది. అక్కడ అడుగు వేస్తే గులక కింద వందల గుడ్లు నలిగిపోతాయి. వాటి మీద ఉన్న చేపలు సులువుగా పడతాయని కొందరు గాలం వేస్తారు, దయచేసి వేయకండి. 2021 నవంబరు 30న హెబ్‌గెన్ డ్యామ్ గేటు చెడి మాడిసన్‌లో నీళ్లు ఒక్కసారిగా పడిపోయినప్పుడు ఇలాంటి గుడ్ల గుంటలే బయటపడి ఎండాయి. మడుగుల్లో చిక్కుకున్న చేపలను కాపాడటానికి ఊళ్ల నుంచి జనం బకెట్లు పట్టుకుని పరుగెత్తారు. అక్టోబరు, నవంబరు నెలల్లో వేటగాళ్లు కూడా అడవిలో ఉంటారు కాబట్టి నారింజ రంగు టోపీ ఒకటి పెట్టుకోండి.

ఇంటికి వచ్చాక బూట్లు, వేడర్స్, వల బ్రష్‌తో రుద్ది కడగండి. న్యూజిలాండ్ మడ్ స్నెయిల్ అనే నత్త బియ్యపు గింజంత ఉంటుంది, బూటు కుట్లలో దాక్కుని ఒక నది నుంచి ఇంకో నదికి చేరుతుంది. లేసుల కింద ఉండే బూటు నాలుక లోపలి వైపు కూడా చూడండి. కడిగినవన్నీ ఎండలో పెట్టండి, పూర్తిగా ఎండాకే ఇంకో నదిలో దిగండి.