రేసు గుర్రాన్ని రైడింగ్ పోటీలకు అలవాటు చేయాలంటే

మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగులు మానేసిన గుర్రాన్ని తెచ్చుకుంటే వెంటనే జీను వేయకండి. డాక్టరుకు కాళ్లు చూపించి, కొన్ని వారాలు ఆరుబయట తిరగనివ్వండి. ఓట్స్ మెల్లగా తగ్గించి, ఎండుగడ్డి రోజంతా అందేలా పెట్టండి. ఈ గుర్రాల్లో కడుపుపుండ్లు చాలా ఎక్కువ.

నేను ఎక్కువ టైమ్ పెట్టేది కదలకుండా నిలబడటం నేర్పడానికే. రేసుల్లో జాకీని చాలాసార్లు నడుస్తున్న గుర్రం మీదికే ఎత్తి కూర్చోబెడతారు. అందుకే మీరు స్టూలు ఎక్కగానే అది ముందుకు కదులుతుంది. పొగరు అనుకోకండి, పాపం, దానికి నేర్పిందే అది. కదిలితే మళ్లీ స్టూలు దగ్గరికే తీసుకురండి. నిలబడితే మెడ నిమిరి, ఎక్కకుండానే ఆ పూటకు వదిలేయండి.

పగ్గాలు గట్టిగా బిగిస్తే ఇది ఆగదు, వాటి మీద బరువు వేసి ఇంకా ఉరుకుతుంది. పట్టి వదులుతూ పెద్ద వలయంలోకి తిప్పండి. 20 మీటర్ల వలయంలో రెండు వైపులా ట్రాట్ (దుడుకు నడక) నిలకడగా వచ్చాకే క్యాంటర్ (అంతకంటే వేగమైన, మెత్తటి పరుగు). తర్వాత నేలమీద పరిచిన కర్రలు దాటించడం, ఆపైన చిన్న జంపులు.

మొదటిసారి పోటీ మైదానానికి ఊరికే నడిపించి తీసుకురావడానికే వెళ్లండి. మైకు, జనం కనబడితే రేసు రోజే అనుకుని టెన్షన్‌తో చెమటలు కక్కుతుంది.