మన సైకిల్ గ్రూప్‌సెట్ మనమే మార్చుకుందాం – మూడో పాఠం: పాతది విప్పడం, హ్యాంగర్ సరిచూడడం

గ్రూప్‌సెట్ అంటే సైకిల్ గేర్లు, క్రాంక్, చైను లాంటి భాగాల సెట్. పోయిన పాఠంలో వెనక చక్రం తీసి, ఫ్రీహబ్ (క్యాసెట్, అంటే వెనక గేర్ల పళ్ల చక్రాల కట్ట, ఎక్కే భాగం) ఏ రకమో చూసి రాసుకోమన్నాను. రాసుకున్నారా? పదకొండు గేర్ల షిమానో హెచ్‌జీ ఫ్రీహబ్ అయితే, 2021లో వచ్చిన డ్యూరా-ఏస్ ఆర్9200 పన్నెండు గేర్ల క్యాసెట్ దాని మీదే కూర్చుంటుంది. చక్రం మార్చనక్కర్లేదు. ఇంకో కంపెనీ స్రామ్ వాళ్ల రెడ్ ఏఎక్స్ఎస్ క్యాసెట్‌లో చిన్న చక్రానికి పది పళ్లే, దానికి ఎక్స్‌డీఆర్ రకం ఫ్రీహబ్ కావాలి. ఈ సంగతి తేలకుండా ముందుకు వెళ్లొద్దు.

కొత్త గ్రూప్‌సెట్ పెట్టె ఇవాళ కూడా విప్పం. చేతులు ఎంత ఉవ్విళ్లూరినా ఆగండి. ఇవాళ పాతది విప్పాలి, ఫ్రేమ్ సిద్ధంగా ఉందో లేదో చూడాలి.

పెడళ్లతో మొదలుపెడదాం. చైను ఇంకా విప్పొద్దు, ముందు దాన్ని పెడళ్ల దగ్గరున్న పెద్ద పళ్ల చక్రం మీదకి ఎక్కించండి. పానా జారినప్పుడు చెయ్యి వెళ్లి తగిలేది ఆ చక్రం పళ్లకే. చైను ఉంటే పళ్లు చేతిని కోయవు. కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమ పెడల్‌ది ఉల్టా మర. గుర్తుకి ఒకటే మాట: పానా పైకి ఉండేలా పెట్టి, సైకిల్ వెనక వైపుకి లాగితే రెండు పెడళ్లూ వదులవుతాయి.

తర్వాత చైను, డిరెయిలర్లు (చైనుని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి జరిపే భాగాలు). ఇవి సులువే. కేబుళ్లు ఫ్రేమ్ లోపల నుంచి వెళ్తుంటే మాత్రం బయటికి లాగే ముందు ఫోటో తీసుకోండి. షిమానో కొత్త ఎలక్ట్రానిక్ సెట్‌లో లివర్ల నుంచి గేర్ వైర్లు ఉండవు కానీ, సీట్‌పోస్ట్‌లోని బ్యాటరీ నుంచి రెండు డిరెయిలర్లకీ వైర్లు వెళ్తాయి. ఏ రంధ్రం ఎక్కడ తేలుతుందో తెలిసి ఉంటే రేపు ఆ వైర్లు లాగేటప్పుడు టెన్షన్ ఉండదు.

షిమానో క్రాంక్ (పెడళ్లు బిగించే చేతుల జత) అయితే ఎడమవైపు క్రాంక్ చేతికి ఉన్న రెండు బోల్టుల్నీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా వదులు చేయండి. ప్లాస్టిక్ మూత తీసి, సన్నటి ఆపుడు రేకుని పైకి లేపితే ఆ చెయ్యి వచ్చేస్తుంది. తర్వాత క్రాంక్ ఇరుసుని రబ్బరు సుత్తితో కుడివైపుకి మెల్లగా తట్టండి. ఇనప సుత్తి వద్దు.

ఇప్పుడు బాటమ్ బ్రాకెట్, అంటే క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగ్‌ల భాగం. దీని రెండు కప్పులూ ఫ్రేమ్‌లోని షెల్ అనే గొట్టానికి రెండు వైపులా బిగించి ఉంటాయి. ఇక్కడ నిదానించాలి. మర ఉన్న ఫ్రేముల్లో ఎక్కువగా కనిపించేది ఇంగ్లిష్ మర, షెల్ వెడల్పు 68 మిల్లీమీటర్లు. ఇందులో ఉల్టా మర కుడివైపు కప్పుది, అంటే పెడళ్లకి సరిగ్గా ఎదురు. పానా పైకి పెట్టి సైకిల్ ముందు వైపుకి తిప్పితే రెండు కప్పులూ వదులవుతాయి. పెడళ్లు వెనక్కి, కప్పులు ముందుకి. షెల్ 70 మిల్లీమీటర్లు ఉంటే అది ఇటాలియన్ మర, దానికి రెండు వైపులా మామూలు మరే. కాబట్టి పానా పట్టేముందు స్కేలు పట్టండి. నేను మొదటిసారి కొలవకుండానే కుడి కప్పుని మామూలుగా తిప్పాను. కదలకపోతే పానాకి పైపు తొడిగి ఇంకా బలంగా తిప్పాను. విప్పుతున్నాననుకుంటూ బిగిస్తూ పోయాను. అల్యూమినియం షెల్‌లో మరలు చెడిపోయాయి. ఆ ఫ్రేమ్ నాకు చాలా ఇష్టమైనది.

ఉల్టా ఎందుకు? పిడికిలిలో పెన్సిల్ వదులుగా పట్టుకుని, దాని కొసని గుండ్రంగా తిప్పి చూడండి. కొస ఎటు తిరిగితే పెన్సిల్ దానికి ఎదురుగా తన చుట్టూ తాను తిరుగుతుంది. తొక్కే బరువుకి కప్పు కూడా అలాగే మెల్లగా జరగాలని చూస్తుంది. ఉల్టా మర ఉంటే ఆ జరుగుడు బిగింపు వైపే ఉంటుంది.

కప్పులు వచ్చాక మరల్ని గుడ్డతో తుడిచి గ్రీజు రాయండి. కొత్త క్రాంక్ ఇరుసు మందం చూసే బాటమ్ బ్రాకెట్ కొనాలి: షిమానోది 24 మిల్లీమీటర్లు, స్రామ్ డబ్ ఇరుసు 28.99. ఒకదాని బేరింగ్‌లో ఇంకొకటి పట్టదు.

ఇక నేను ఈ పాఠం రాయడానికి అసలు కారణం, హ్యాంగర్. వెనక డిరెయిలర్ వేలాడేది ఈ చిన్న అల్యూమినియం ముక్కకే. సైకిల్ కుడివైపు పడినా, కారులో ఒత్తిడి తగిలినా అది లోపలికి వంగుతుంది. కంటికి తెలియదు. కొత్త ఎలక్ట్రానిక్ డిరెయిలర్ పెడితే అన్నీ అదే సర్దుకుంటుందని చాలామంది నమ్ముతారు. సర్దుకోదు. మోటారు తన కొలత ప్రకారం కదులుతుంది కానీ, అది నిలబడిన చోటే వంకరగా ఉంటే క్యాసెట్‌లో చిన్న చక్రం దగ్గర సరిచేసింది పెద్ద చక్రం దగ్గర తప్పుతుంది. పన్నెండు గేర్లలో పక్కపక్క చక్రాల మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. తప్పుకి చోటు లేదు.

హ్యాంగర్ గేజ్ (హ్యాంగర్ వంపు కొలిచి, సరిచేసే పనిముట్టు) కొనండి. పెట్టిన డబ్బుకి ఇంతగా పనికొచ్చే పరికరం నాకు ఇంకొకటి తెలియదు. చక్రాన్ని పూర్తిగా కూర్చోబెట్టి ఇరుసు బిగించండి. హ్యాంగర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే స్క్రూ కూడా గట్టిగా ఉందో లేదో చూడండి. గేజ్‌ని డిరెయిలర్ రంధ్రంలో బిగించి, కొసని రిమ్ మీద వాల్వ్ పక్కన ఆనించండి. తర్వాత గేజ్‌ని, చక్రాన్ని కలిపి తిప్పుతూ పైన, కింద, ముందు, వెనక చూడండి. ప్రతిసారీ వాల్వ్ పక్కనే కొలవాలి. రిమ్ కొంచెం వంకరగా ఉన్నా అప్పుడు లెక్క తప్పదు. నాలుగు చోట్లా తేడా నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉండాలి. నేనైతే రెండు వచ్చేదాకా వదలను.

వంపు తీసేటప్పుడు గేజ్‌తో మెల్లగా నెట్టి, ఆపి, మళ్లీ కొలవండి. అటూ ఇటూ పదేపదే వంచితే అల్యూమినియం బలహీనపడి విరుగుతుంది. బాగా వంగినదైతే మార్చేయండి. మీ ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి అదనంగా కొని ఉంచుకోండి.

షెల్ వెడల్పు, గేజ్ నాలుగు చోట్లా చూపిన కొలతలు నోట్‌బుక్‌లో రాసుకోండి. నాలుగో పాఠంలో కొత్త బాటమ్ బ్రాకెట్‌ని టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానా) బిగించి, చైను ఎన్ని లింకుల దగ్గర తెంచాలో లెక్కపెడదాం.