వేగాస్‌లో వీడియో పోకర్ ఆడే ముందు

- వీడియో పోకర్ అంటే మెషీన్ ఇచ్చే అయిదు పేకముక్కల్లో కావాల్సినవి ఉంచుకుని మిగతావి ఒకసారి మార్చుకునే ఆట. ముందు పే టేబుల్, అంటే ఏ కలయికకి ఎంత ఇస్తారో చూపే పట్టిక, చదవండి. జాక్స్ ఆర్ బెటర్‌లో (జాకీల జత నుంచి పైకి డబ్బిచ్చే రకం) ఫుల్ హౌస్‌కి (ఒకే అంకెవి మూడు, ఇంకో జత) కాయిన్‌కి 9, ఫ్లష్‌కి (అయిదూ ఒకే గుర్తువి) 6 ఇచ్చే మెషీన్‌లో తప్పుల్లేకుండా ఆడితే దీర్ఘకాలంలో 99.54 శాతం తిరిగొస్తుంది. 8, 5 అని ఉంటే 97.3 శాతమే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అదే చిక్కు.
- అయిదు కాయిన్లు వేయండి. రాయల్ ఫ్లష్‌కి (ఒకే గుర్తులో 10, జాకీ, రాణి, రాజు, ఆసు) ఒక కాయిన్ వేస్తే 250 కాయిన్లు, అయిదు వేస్తే 4000. బరువనిపిస్తే తక్కువ రేటు మెషీన్‌కి మారండి.
- పది లేదా అంతకంటే చిన్న జత వస్తే, వరుసగా నాలుగు ముక్కలు కుదిరినా (10, జాకీ, రాణి, రాజు తప్ప) జతనే ఉంచండి. ఒకే గుర్తువి నాలుగుంటే మాత్రం జత వదిలేయాలి. జత పక్కన ఆసునీ ఉంచుకోవాలనిపిస్తుంది, వద్దు.
- వయసు 21 నిండాలి. ఐడీ దగ్గరుంచుకోండి.
- పోయినా పర్లేదనుకున్న డబ్బే తీసుకెళ్లండి. ఏటీఎం కార్డు గదిలోనే ఉండనివ్వండి.