లినక్స్‌లో డెస్క్‌టాప్ మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

లినక్స్‌లో డెస్క్‌టాప్ అంటే తెర మీద కనిపించే మెనూలు, కిటికీలు, ఐకాన్‌ల సముదాయం; గ్నోమ్, ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ అలాంటివే. కొత్త డెస్క్‌టాప్‌ను ఇన్‌స్టాల్ చేయడానికి ముందే, దానిని లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నడిపించే పెన్‌డ్రైవ్) నుంచి నడిపి, వైఫై, ధ్వని, స్క్రీన్ సక్రమంగా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. పాత కంప్యూటర్‌కు గ్నోమ్, ప్లాస్మాల కన్నా ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలికగా ఉంటుంది.

హోమ్ ఫోల్డర్‌ను, ముఖ్యంగా అందులో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌ను వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. రెండు డెస్క్‌టాప్‌లూ ఒకే యూజర్ ఖాతాలో నడిస్తే థీమ్‌లు, ఐకాన్‌లు, ఫాంట్‌లు ఒకదానిలోవి మరొకదానిలోకి చొరబడతాయి కనుక, పరీక్షకు కొత్త యూజర్ ఖాతాను తెరవడమే నా దృష్టిలో అన్నిటికన్నా మేలైన పద్ధతి.

డెబియన్, ఉబుంటుల వంటి లినక్స్ రకాలలో ఇన్‌స్టాలేషన్ మధ్యలో నీలిరంగు తెర ఒకటి వచ్చి, లాగిన్ తెరను చూపే ప్రోగ్రామ్‌గా జీడీఎం ఉండాలా, ఎస్‌డీడీఎం ఉండాలా అని అడగవచ్చు. ఆలోచించకుండా ఎంటర్ నొక్కకుండా, ఇప్పటివరకు ఇబ్బంది పెట్టనిదానినే ఉంచుకోవాలి. డెస్క్‌టాప్‌ను లాగిన్ తెరపై ఉండే సెషన్ మెనూలో ఎంచుకోవచ్చు. 2024లో వచ్చిన ప్లాస్మా 6 డిఫాల్ట్‌గా వేలాండ్ అనే, తెరపై కిటికీలను చూపే కొత్త పద్ధతితో నడుస్తుంది కాబట్టి, స్క్రీన్ రికార్డింగ్ వంటి అవసరాలు ఉన్నవారు అవి పనిచేస్తున్నాయో లేదో ముందుగా సరిచూసుకోవాలి.

పాత డెస్క్‌టాప్‌ను వెంటనే తొలగించకూడదు. తొలగించవలసి వచ్చినప్పుడు, తీసివేయబోయే ప్యాకేజీల జాబితాను పూర్తిగా చదివి, అందులో ఇంటర్నెట్ కనెక్షన్‌ను చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. తెర నల్లబడితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే సాధారణంగా టెర్మినల్ (ఆదేశాలను టైప్ చేసే తెర) లాగిన్ వస్తుంది. అందులోకి వెళ్లడానికి మీ ఖాతా పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి.