కాకి దాపరికం చూడాలంటే

నేను ఇంట్లోంచే అకౌంట్స్ రాసే పని చేస్తాను. టేబుల్ కిటికీ పక్కన, కిటికీ అవతల బాల్కనీ, అందులో ఏడు కుండీలు. ఒకరోజు గులాబీ కుండీలో మట్టి గుల్ల చేస్తుంటే పల్లీకాయ ఒకటి తగిలింది. నేను నాటింది కాదు. ఎలుక పనే అనుకుని తీసి పారేశాను, బోను కూడా పెట్టాను. అందులో ఏదీ పడలేదు. నాలుగో రోజు ఒక కాకి వచ్చి కుండీ అంచు మీద వాలింది. నేను తవ్విన చోటే ముక్కు పెట్టి అటూ ఇటూ వెతికింది. ఇంతకీ దొంగ ఎవరంటే, నేనే.

అప్పటి నుంచి మూడేళ్లుగా చూస్తున్నాను. మీరూ చూడాలనుకుంటే కెమెరా, బైనాక్యులర్స్ ఏమీ అక్కర్లేదు. కాకికి మీ మీద అనుమానం రాకుండా ఉంటే చాలు. కష్టమంతా అక్కడే ఉంది.

ముందు తిండి సంగతి. అన్నం మెతుకులు, బిస్కెట్ పొడి వేస్తే అక్కడే ఏరుకుని తినేస్తుంది. దాచేటట్టు చేయాలంటే కడుపు నిండాక కూడా మిగలాలి, ఒక్కొక్కటీ విడిగా మోసుకెళ్లేలా ఉండాలి. పొట్టుతో ఉన్న పచ్చి పల్లీకాయలు ఇందుకు బాగా పనికొస్తాయి. ఉప్పు వేసినవి, వేయించినవి వద్దు. ఐదారు కాయలు చాలు. గుప్పెడు పోస్తే చుట్టుపక్కల కాకులన్నీ దిగి గోల చేస్తాయి. ఆ గోలలో ఏ కాకీ తీరిగ్గా దాచదు, ఎత్తుకుని పారిపోతుంది.

పెట్టాక లోపలికి వచ్చేయండి. నేను మొదట్లో తలుపు దగ్గరే నిలబడి కన్నార్పకుండా చూసేదాన్ని. కాకి కూడా నన్ను అలాగే చూసేది. ఇద్దరం అలా ఉండిపోయేవాళ్లం, పని మాత్రం జరిగేది కాదు. అవి మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటాయి. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త 2006లో తన బృందంతో ముఖమంతా కప్పే మాస్కులు వేసుకుని కాకుల్ని పట్టి, కాళ్లకు రింగులు తొడిగి వదిలాడు. ఆ తర్వాత ఆ మాస్కు ఎవరు వేసుకొచ్చినా కాకులు అరిచి తరిమాయి. కాబట్టి ఒకసారి మీకు దొంగ అన్న పేరు పడిందంటే అంత తొందరగా పోదు. నాకు నెల పైనే పట్టింది. ఇప్పుడు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాను. ఆపేసిన ఫోన్‌ని టేబుల్ మీద నిలబెడితే ఆ నల్లటి అద్దంలో బాల్కనీ అంతా కనిపిస్తుంది.

ఇక గమనించాల్సింది గొంతు. మామూలుగా కాకి ముక్కు కింద నున్నగా ఉంటుంది. తిండి కుక్కుకుంటే అక్కడ చిన్న సంచిలా ఉబ్బుతుంది. గొంతు ఉబ్బి, నోరు మూసుకుని, అరవకుండా ఎగిరే కాకి కనిపిస్తే దాని వెంటే చూపు పోనివ్వండి. తినడానికి వెళ్తోందో, పిల్లలకు మోస్తోందో, దాచడానికి పోతోందో మొదట్లో తెలియదు. దాచేది మాత్రం సాధారణంగా నేల మీదో, కుండీలోనో దిగుతుంది.

దిగీ దిగగానే పని మొదలుపెట్టదు. తల ఒక పక్కకి వంచి ఒక కన్నుతో, రెండో పక్కకి వంచి ఇంకో కన్నుతో చుట్టూ చూస్తుంది. కాయని మట్టి మీద పెట్టి, ముక్కుతో రెండు మూడు సార్లు పొడిచి లోపలికి దింపుతుంది. పక్కనున్న మట్టి దాని మీదకి లాగుతుంది. ఆ తర్వాత చేసే పనే నాకు అన్నిటికంటే ఇష్టం: రెండు గంతులు వేసి వెళ్లి ఒక ఎండుటాకు తెచ్చి పైన కప్పుతుంది. ఒక అడుగు వెనక్కి వేసి చూస్తుంది. నచ్చకపోతే ఆకు తీసి ఇంకొకటి తెస్తుంది. మా గులాబీ కుండీ దగ్గర ఒకసారి మూడు ఆకులు మార్చింది, చివరికి కాయ కూడా తీసేసుకుని మల్లె కుండీకి మారింది.

ఎందుకు మారిందా అని తల తిప్పితే ఎదురు పిట్టగోడ మీద ఇంకో కాకి, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

దాచిన చోటు ఇంకో కాకి చూస్తే ఆ తిండి దక్కదు, అందుకే ఈ తంటాలన్నీ. కేంబ్రిడ్జ్‌లో నికోలా క్లేటన్, నేథన్ ఎమరీ అనే శాస్త్రవేత్తలు 2001లో కాకి కుటుంబానికే చెందిన స్క్రబ్ జే పక్షుల మీద ఇదే పరీక్షించారు. దాచేటప్పుడు ఇంకో పక్షి చూస్తే, తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు తీసి వేరే చోట పెట్టుకున్నాయి. ఇంతకుముందు పరుల సొమ్ము కాజేసిన పక్షులే ఈ జాగ్రత్త పడ్డాయి. దొంగకే దొంగ భయం ఎక్కువ. రేవెన్ అనే పెద్ద కాకులైతే, పక్క గదిలో వేరే రేవెన్ అరుపు వినిపిస్తూ మధ్య గోడలో చిన్న కంత తెరిచి ఉంటే చాలు, ఎవరో చూస్తున్నట్టే జాగ్రత్త పడ్డాయని 2016లో తేల్చారు. అది చదివాక నేను కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంచడం మానేశాను.

చూసింది వెంటనే రాసిపెట్టుకోండి, రేపటికి ఏ కుండీయో మర్చిపోతారు. అలవాటు కొద్దీ నేను జమా ఖర్చుల పుస్తకమే పెట్టాను: ఏ రోజు, ఏం, ఎక్కడ దాచింది, ఎవరు చూశారు, ఎప్పుడు తీసుకుంది. గుర్తు కోసం పుల్ల గుచ్చకండి, కాకి కళ్లలో పడుతుంది. ఊహించి చెప్పే అంకెల్ని మనం కాకిలెక్కలంటాం గానీ, ఆ మాట పుట్టించినవాళ్లు కాకిని చూసి ఉండరు. నా పుస్తకంలో గుడ్డు ముక్క, మాంసం ముక్క చాలాసార్లు ఆ రోజే ఖర్చులోకి వస్తాయి, పల్లీలు రోజుల తరబడి నిల్వ ఉంటాయి. స్క్రబ్ జేలతో 1998లో చేసిన పరీక్షలోనూ ఇంతే. దాచి 4 గంటలైతే తమకు ఇష్టమైన పురుగుల కోసం వెళ్లాయి. 124 గంటలైతే, పురుగులు కుళ్లిపోతాయని నేర్చుకున్న పక్షులు వాటిని వదిలేసి పల్లీల కోసం వెళ్లాయి. ఏది, ఎక్కడ, ఎప్పుడు పెట్టామన్నది మూడూ గుర్తున్నాయన్నమాట.

తవ్వి చూడాలనిపిస్తుంది, నాకు తెలుసు. చూడకండి. తప్పదనుకుంటే కనుచూపు మేరలో కాకి లేనప్పుడు చూసి, మట్టి, ఆకు ఎలా ఉన్నవి అలాగే సర్దేయండి. కుళ్లి వాసన వచ్చేవాటిని మాత్రం గ్లౌజులు వేసుకుని తీసేయాల్సిందే.

బాల్కనీలో నీళ్లు పోయే గొట్టం కూడా అప్పుడప్పుడు చూసుకోండి. మొన్న మాది పొంగింది. లోపల మూడు పల్లీలు, ఒక ఎముక, ఒక సీసా మూత. పల్లీలు కడిగి మల్లె కుండీ అంచున పెట్టాను. గంట తర్వాత చూస్తే లేవు. ఎవరు తీసుకెళ్లారో చూడలేదు, ఆ టైంలో క్లయింట్‌తో ఫోన్‌లో ఉన్నాను. పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది.