గిటార్ సింథ్: ఆరో తీగ తడబాటు ఇలా పోయింది

అమలాపురంలో, రోలాండ్ జీకే-3 పికప్ (ఒక్కో తీగ అదురునీ విడిగా పట్టే పరికరం) బిగించిన గిటార్. దాని స్వరాలు పోల్చుకుని వేరే ధ్వనులుగా పలికించే సింథ్‌లో ఐదు తీగలు బాగానే పలికేవి. ఆరోది ఒక మీటుకి రెండు స్వరాలు ఇచ్చేది, లేదా అసలు పలికేది కాదు. తీగకో పిన్ను ఉంటుంది కాబట్టి ముందు 13 పిన్నుల కేబులే అనుమానం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచినా తేడా రాలేదు.

అసలు దోషం తీగకీ పికప్‌కీ మధ్య ఖాళీలో ఉంది. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, దానికీ పికప్‌కీ మధ్య 1 మి.మీ. మందం పిక్ (మీటే బిళ్ల) దూర్చి చూశాను. మిగతా తీగల కింద ఒరుసుకుంటూ పోయింది, ఆరోదాని కింద వదులుగా ఆడింది. సిగ్నల్ చాలక సింథ్‌లో ఆ తీగ సెన్సిటివిటీ పెంచేసి ఉంది. దాంతో పక్క తీగ అదురు కూడా స్వరమైపోతోంది! పికప్ ఆ కొసన పల్చటి ప్యాడ్ పెట్టి లేపాను. మా ఉప్పుగాలికి తుప్పెక్కిన తీగనీ మార్చాను. తర్వాత గట్టిగా మీటినా మీటర్ చివర తగలనంత వరకు సెన్సిటివిటీ తగ్గించాను.

మీటాక స్వరం పలకడంలో కాస్త ఆలస్యం మిగిలింది, అది పోదు: స్వరం పోల్చుకోవాలంటే సింథ్ తీగ అదురు కాసేపు వినాలి. ఆరో తీగ 82 హెర్ట్జ్, ఒక్క ఆవృత్తికే 12 మిల్లీసెకన్లు. బేస్ కావాలంటే పై స్థాయిలో (ఒక ఆక్టేవ్ పైన) వాయించి, సింథ్‌లో 12 సెమీటోన్లు దించడమే మేలు.

రోలాండ్‌దే మరో పికప్ జీకే-5 కొనేవాళ్లకి: అది డిజిటల్, పాత 13 పిన్నుల సింథ్‌కి కన్వర్టర్ లేకుండా కలవదు.